ఆదాయపు పన్ను శాఖకు ఫోన్ చేస్తే పని అవుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ, తప్పయితే దిద్దండి. మీరు డల్లాస్‌లో ఉంటారు, అమ్మానాన్నలు తెనాలిలో. నాన్నగారు రిటైరైన మాస్టారు, వయసు 71. ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ మీద బ్యాంకు ముందే పట్టుకున్న పన్ను, అంటే టీడీఎస్, 18,460 రూపాయలు ఆయనకు రీఫండుగా తిరిగి రావాలి. శాఖవారి ఈ-ఫైలింగ్ పోర్టల్లో మాత్రం ‘రీఫండ్ ఫెయిల్డ్’ అని కనిపిస్తోంది. అమ్మగారు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడకు 2012-13 అసెస్‌మెంట్ ఇయర్ తాలూకు 14,260 రూపాయల బాకీ ఉందని, ఈ ఏటి రీఫండును అందులో సర్దుకుంటామని మెయిల్ వచ్చింది. నాన్నగారు హెల్ప్‌లైనుకు మూడుసార్లు ఫోన్ చేశారు. ఒకసారి పోర్టల్లో చూసుకోమన్నారు, ఒకసారి అసెసింగ్ ఆఫీసరును, అంటే మన పాన్ ఏ వార్డులో ఉందో అక్కడి పన్ను అధికారిని కలవమన్నారు, ఒకసారి లైనే తెగిపోయింది. ఎవరికి ఫోన్ చేస్తే పని అవుతుంది అని మీరు అడుగుతున్నారు.

అమ్మా, ఫోన్‌తో పని అవదు. ఇరవై ఆరేళ్లుగా గుంటూరులో రిటర్నులు వేస్తున్నాను. ఒక్క ఫోను కాల్‌తో రీఫండు ఖాతాలో పడ్డ సందర్భం నాకు గుర్తు లేదు. అయినా నెలకు పదిసార్లు ఆ నంబర్లకు ఫోన్ చేస్తూనే ఉంటాను. ఎందుకంటే కాగితం ఎవరి బల్ల మీద ఆగిందో చెప్పగలిగేది వాళ్లే. నాన్నగారికి వచ్చిన జవాబులు తప్పించుకునే మాటల్లా వినిపించి ఉంటాయి కానీ, అందులో ‘అసెసింగ్ ఆఫీసరును కలవండి’ అన్నది అమ్మగారి విషయంలో అక్షరాలా సరైన సమాధానం. నాన్నగారి విషయంలో ‘పోర్టల్లో చూసుకోండి’ అన్నదీ సరైనదే. రెండు సమస్యలనూ ఒకే కాల్‌లో కలిపి అడగడం వల్ల ఏ జవాబు ఎవరిదో తెలియకుండా పోయింది.

ముందు నంబర్ల సంగతి. రిటర్నులు, రీఫండ్లు, ఇంటిమేషన్లు అన్నీ చూసేది బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటరు, అందరూ సీపీసీ అంటారు. దానికీ ఈ-ఫైలింగ్ పోర్టల్‌కూ టోల్‌ఫ్రీ నంబర్లు 1800 103 0025, 1800 419 0025. మామూలు నంబర్లు 080-46122000, 080-61464700. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. మీరు అమెరికా నుంచి చేస్తే టోల్‌ఫ్రీ మీద ఆశ పెట్టుకోకండి, ముందున్న సున్నా తీసేసి 91 చేర్చి రెండో రకం నంబర్లకే చేయండి. వేసవిలో మీ ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఇక్కడ సోమవారం ఉదయం ఎనిమిది అవుతుంది. అది మంచి సమయం. పదకొండు దాటాక, అందులోనూ గడువు తేదీకి ముందు వారం రోజులు, హోల్డ్ సంగీతం కంఠతా వచ్చేస్తుంది.

ఏఐఎస్‌లో, అంటే మన లావాదేవీలన్నీ చూపించే వార్షిక సమాచార పట్టికలో ఏదైనా తప్పుంటే దానికి వేరే నంబరు, 1800 103 4215. జీఎస్టీ పోర్టల్ హెల్ప్‌డెస్కు 1800 103 4786. పాన్ కార్డు దిద్దుబాట్లు వీళ్లెవరి చేతిలోనూ లేవు. పాన్ దరఖాస్తులు తీసుకునే సంస్థలైన ప్రోటియన్, యూటీఐఐటీఎస్ఎల్‌లలో దేని ద్వారా మీ కార్డు వచ్చిందో చూసుకుని అక్కడ అడగాలి. వృత్తి పన్ను గురించి బెంగళూరుకు ఫోన్ చేసి అరగంట వాదించిన కాంట్రాక్టరు ఒకాయన మా ఆఫీసుకు వస్తుంటారు. అది రాష్ట్ర ప్రభుత్వ పన్ను, ఆదాయపు పన్ను శాఖకు దానితో సంబంధమే లేదు. అవతలి అమ్మాయి ఎంత ఓపిగ్గా విందో ఆయనే నవ్వుతూ చెబుతారు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఈ నంబర్లను ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకోవద్దు. incometax.gov.in అనే అధికారిక పోర్టల్‌కు వెళ్లి ‘కాంటాక్ట్ అస్’ పేజీలో సరిచూసుకోండి, నేనిచ్చినవి కూడా. మా క్లయింటు ఒకాయన రీఫండు కోసం వెతికితే మొదట కనిపించిన నంబరుకు చేశారు. అవతలివాడు చక్కటి తెలుగులో మాట్లాడాడు, పాన్ అడిగాడు, ‘వెరిఫై చేయడానికి’ ఒక యాప్ పెట్టుకోమన్నాడు. అది ఫోను తెరను అవతలివాడికి చూపించే యాప్. పావుగంటలో పెన్షను ఖాతా ఖాళీ. శాఖ మనిషి ఎప్పుడూ మీ పాస్‌వర్డు, ఓటీపీ, కార్డు వెనకాల అంకెలు అడగరు. అలా ఎవరికైనా డబ్బు పోతే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. అలాగని శాఖ నుంచి వచ్చే ప్రతి ఫోనూ మోసం కాదు. పాత బాకీల విషయం తేల్చడానికి మైసూరులో ఒక డిమాండ్ ఫెసిలిటేషన్ సెంటరు పెట్టారు, అక్కడి నుంచి నిజంగానే కాల్స్ వస్తాయి. అనుమానమొస్తే మర్యాదగా పెట్టేసి, పోర్టల్లో ఆ బాకీ నిజంగా ఉందో లేదో చూసుకోండి. నోటీసు వచ్చిందంటే దాని మీద డిన్ అనే డాక్యుమెంటు నంబరు ఉంటుంది. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే ఉత్తరాలకు అది తప్పనిసరి. లాగిన్ కాకుండానే పోర్టల్లో ఆ నంబరు కొట్టి ఉత్తరం అసలుదో కాదో తేల్చుకోవచ్చు.

ఇక నాన్నగారి రీఫండు. ‘ఫెయిల్డ్’ అంటే శాఖ డబ్బు పంపింది, ఖాతా తీసుకోలేదు అని అర్థం. పోర్టల్లో ఆ రిటర్ను వివరాల్లోనే కారణం రాసి ఉంటుంది. మా ప్రాంతంలో నేను చూసే కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది బ్యాంకుల విలీనం. మచిలీపట్నంలో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డులు మారి ఏళ్లయినా మాస్టార్లందరికీ అది ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకే, పాసుపుస్తకం కూడా పాతదే. ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత ఐఎఫ్ఎస్‌సీ కోడు ఇప్పుడు పనిచేయదు, యూబీఐఎన్‌తో మొదలయ్యేది కావాలి. పోర్టల్లో ఎప్పుడో పాత కోడుతో ఖాతా చేర్చి వదిలేసి ఉంటే రీఫండు వెనక్కి వెళ్లిపోతుంది.

రెండోది పాన్‌కు ఆధార్ జోడించకపోవడం. అలాంటి పాన్ నిష్క్రియం అయిపోతుంది, నిష్క్రియమైన పాన్‌కు రీఫండు ఇవ్వరు. 80 ఏళ్లు నిండినవారికి మినహాయింపు ఉంది కానీ నాన్నగారి వయసు అంత కాదు కాబట్టి ఇదీ చూసుకోండి.

మూడోది మన పేర్లు. ఇది తెలుగువాళ్ల సొంత సమస్య, కొంచెం వివరంగా చెబుతాను. పాన్ దరఖాస్తులో ‘లాస్ట్ నేమ్’ అనే గడి ఉంటుంది, అందులో పొడి అక్షరాలు ఒప్పుకోరు. ఇంటిపేరు ముందు రాసుకునే మనం ఆ గడిలో ఏం రాశామన్నది ఆ రోజు ఫారం నింపిన మనిషి ఇష్టం. ఉదాహరణకు కొల్లూరి సత్యనారాయణ మూర్తి అనే మనిషి బ్యాంకులో కె.ఎస్.ఎన్. మూర్తి. పాన్‌లో సత్యనారాయణ మూర్తి కొల్లూరి కావచ్చు, ఇంటిపేరు గడిలో ‘మూర్తి’ పడితే కొల్లూరి సత్యనారాయణ మూర్తి కావచ్చు. ఆధార్‌లో ఇంటిపేరుకు బదులు ఒక్క ‘కె’ ఉండొచ్చు. మూర్తి అన్నదాన్ని ఇంగ్లీషులో హెచ్ అక్షరంతో కొందరు, లేకుండా కొందరు రాస్తారు. లక్ష్మి అన్న పేరు సంగతి ఇక చెప్పక్కర్లేదు. మనిషి ఒక్కడే, కంప్యూటరుకు మాత్రం ముగ్గురు.

పాన్‌లో ఇంటిపేరుగా ఏది ఎక్కిందో కార్డు చూడగానే చెప్పే చిట్కా ఒకటుంది. పాన్‌లోని పది అక్షరాల్లో నాలుగోది వ్యక్తులకు ‘పి’. ఐదోది ఇంటిపేరు మొదటి అక్షరం. ఆ మూర్తిగారి పాన్‌లో ఐదో అక్షరం ‘కె’ ఉంటే కొల్లూరి ఇంటిపేరుగా ఎక్కినట్టు, ‘ఎం’ ఉంటే మూర్తి ఇంటిపేరైపోయినట్టు. ఫోనులో మీ పేరు అడిగినప్పుడు ఏ వరసలో చెప్పాలో దీన్నిబట్టే తెలుస్తుంది. పాన్‌లో ఎలా ఉందో అలాగే చెప్పాలి, పిలుపు పేరు చెబితే వివరాలు సరిపోవడం లేదంటారు. నాన్నగారి మూడో కాల్ తెగకపోయినా బహుశా ఇక్కడే ఆగేది.

కారణం ఏదో తేలాక పోర్టల్లో ‘మై బ్యాంక్ అకౌంట్’లోకి వెళ్లి ఖాతాను సరైన కోడుతో మళ్లీ వాలిడేట్ చేయించి, అంటే బ్యాంకు వివరాలతో సరిచూపించి, రీఫండు కోసం అదే ఖాతాను ఎంచుకోవాలి. పేరు తేడా అయితే బ్యాంకుకు పాన్, ఆధార్ జిరాక్సులు పట్టుకెళ్లి పాన్‌లో ఉన్నట్టే ఖాతాలో పేరు మార్పించడం మేలు. పాన్‌ను మార్చబోతే పెన్షను కాగితాల దాకా అన్నీ కదలాలి. ఖాతా వాలిడేట్ అయ్యాక ‘సర్వీసెస్’ కింద ‘రీఫండ్ రీ-ఇష్యూ’ అనే చోట అర్జీ పెట్టి, ఆధార్ ఓటీపీతో ధ్రువీకరిస్తే సరి. ఇది మీరు డల్లాస్ నుంచే చేయొచ్చు, ఓటీపీ వచ్చినప్పుడు నాన్నగారు ఫోను పక్కన ఉంటే చాలు. రీఫండు మీద నెలకు అర శాతం వడ్డీ ఇస్తారు కానీ, మన ఖాతా సరిగా లేక ఆగిన కాలానికి ఆశించవద్దు. వచ్చిన వడ్డీని వచ్చే ఏడాది రిటర్నులో ఆదాయంగా చూపించడం మరవకండి.

నాన్నగారి కోసం ఫోన్ చేయాల్సి వస్తే, రీ-ఇష్యూ అర్జీ పెట్టిన రెండు మూడు వారాలకూ కదలిక లేనప్పుడే చేయండి. మీరొక్కరే మాట్లాడితే వివరాలు చెప్పరు. నాన్నగారిని కాన్ఫరెన్సులోకి తీసుకుని, పాన్, పుట్టిన తేదీ ఆయన నోటితోనే చెప్పించి, తర్వాత మీరు అందుకోండి. పాన్‌లోని అక్షరాలను విడివిడిగా, ‘డి ఫర్ ఢిల్లీ’ అన్నట్టు చెప్పమనండి. రిటర్ను రసీదు మీద ఉండే పదిహేను అంకెల అక్‌నాలెడ్జ్‌మెంటు నంబరు చేతిలో ఉండాలి. అడగాల్సినవి కూడా కాగితం మీద రాసుకోండి. ‘నా రీఫండు ఎప్పుడు వస్తుంది’ అని అడిగితే ‘త్వరలో’ అనే జవాబు తప్ప రాదు. ‘నా రీ-ఇష్యూ అర్జీ ఏ దశలో ఉంది? నా వైపు నుంచి ఇంకేమైనా పెండింగు ఉందా? లేకపోతే ఇప్పుడు అది ఎవరి దగ్గర ఉంది?’ అని అడగండి. ఈ మూడింటికీ వాళ్ల తెర మీద జవాబు ఉంటుంది కాబట్టి చెబుతారు. కాల్ చేసిన తేదీ, సమయం, చెప్పిన మాట రాసి పెట్టుకోండి, తర్వాత ఫిర్యాదు వేయాల్సి వస్తే పనికొస్తుంది.

సంవత్సరం చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒకసారి నేనే పప్పులో కాలేశాను. ఒక క్లయింటుకు పాత బాకీ ఉందేమో కనుక్కుందామని ఫోన్ చేసి, అసెస్‌మెంట్ ఇయర్ అడిగితే ఆర్థిక సంవత్సరం చెప్పాను. ‘ఆ సంవత్సరానికి ఏ బాకీ లేదండీ’ అన్నారు. ఆ సంతోషంలో క్లయింటుకు కాఫీ కూడా తెప్పించాను. నాలుగు నెలల తర్వాత రీఫండులో బాకీ కోసుకుని మిగతా వచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు వచ్చిన ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2025-26. అమ్మగారి 2012-13 బాకీ అంటే ఆవిడ 2011 ఏప్రిల్ నుంచి 2012 మార్చి దాకా అందుకున్న జీతానికి సంబంధించినది. ఏ సంవత్సరం కాగితాలు వెతకాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు అమ్మగారి సంగతి, అసలు చిక్కు ఇక్కడ ఉంది. పాత చిన్న బాకీలను కేంద్రం 2024లో మాఫీ చేసింది. 2010-11 అసెస్‌మెంట్ ఇయర్ వరకు ఒక్కోటి 25 వేల లోపు, 2011-12 నుంచి 2015-16 వరకు ఒక్కోటి 10 వేల లోపు ఉన్నవి, ఒక మనిషికి మొత్తం లక్ష మించకుండా. అమ్మగారి బాకీ 14,260 కాబట్టి గీత దాటింది. మీరు మెయిల్‌లో చూసినది 1961 ఆదాయపు పన్ను చట్టం 245వ సెక్షన్ కింద ఇచ్చే ముందస్తు సమాచారం. దానికి అందులో రాసిన గడువులోగా జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మీరు ఒప్పుకున్నట్టే లెక్కగట్టి రీఫండులోంచి సర్దేసుకుంటారు. అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే.

పోర్టల్లో ‘పెండింగ్ యాక్షన్స్’ కింద ‘రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్’ తెరవండి. అక్కడ ‘డిమాండ్ ఈజ్ కరెక్ట్’ అనే గడి కనిపిస్తుంది. పొరపాటున కూడా దాన్ని నొక్కకండి, ఒకసారి ఒప్పుకుంటే తర్వాత కాదనడానికి వీలుండదు. ‘డిజగ్రీ’ ఎంచుకుని, కారణం రాసి, కాగితాలు జతచేయాలి. అదే పేజీలో ఈ బాకీని ఎక్కించింది సీపీసీనా, అసెసింగ్ ఆఫీసరా అన్నది కూడా ఉంటుంది. అంత పాత బాకీలు చాలావరకు ఆఫీసర్లు తమ రిజిస్టర్లలోంచి కంప్యూటర్లోకి ఎక్కించినవే. అలాంటిదైతే బెంగళూరుకు వందసార్లు ఫోన్ చేసినా వాళ్లు చెప్పేది ఒక్కటే, అసెసింగ్ ఆఫీసరును కలవండి అని. తీసేసే అధికారం ఆయనదే.

ప్రభుత్వోద్యోగుల పాత బాకీల్లో నాకు తరచూ కనిపించే కారణం, జీతంలో పన్ను కోసిన ఆఫీసు టీడీఎస్ లెక్క వేసేటప్పుడు పాన్ తప్పు రాయడం, లేదా అసలు లెక్క దాఖలు చేయకపోవడం. ఆఫీసు ఉద్యోగికిచ్చే టీడీఎస్ సర్టిఫికెట్టు ఫారం 16లో కోత ఉంటుంది, మన పాన్ మీద జమైన పన్నును శాఖ చూపించే పట్టిక 26ఏఎస్‌లో ఉండదు. అమ్మగారి పాత 26ఏఎస్ పోర్టల్ ద్వారా శాఖవారి టీడీఎస్ వెబ్‌సైటు ట్రేసెస్‌లోకి వెళ్లి తీసి చూడండి. ఇదివరకు ఇలాంటప్పుడు పాత ఆఫీసుకు వెళ్లి బతిమాలి సవరణ లెక్క వేయించేవాళ్లం. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. 2025 ఏప్రిల్ నుంచి ఆరేళ్లు దాటిన టీడీఎస్ లెక్కలకు సవరణ వేయడానికి వీల్లేదు. మిగిలింది అదే చట్టంలోని 205వ సెక్షన్. జీతంలోంచి పన్ను కోసేసిన తర్వాత, కోసినవాళ్లు దాన్ని సరిగా జమ చేయకపోయినా, ఆ మేరకు పన్నును ఉద్యోగి నుంచి మళ్లీ అడగకూడదని అది చెబుతుంది. ఫారం 16 నకలు జతచేసి, ఈ సెక్షన్ పేర్కొంటూ అసెసింగ్ ఆఫీసరుకు ఒక పేజీ అర్జీ రాయాలి.

ఆ ఆఫీసరు ఎవరో పోర్టల్లోని ‘నో యువర్ ఏవో’లో తెలుస్తుంది. మీ పాన్ ఏ వార్డులో ఉందో చూడకుండా ఊహించుకోవద్దు. హైదరాబాదులో కొన్నాళ్లు పనిచేసినవాళ్ల పాన్ ఇప్పటికీ బషీర్‌బాగ్ ఆయకర్ భవన్ పరిధిలోనో మాసబ్ ట్యాంకు దగ్గరి ఐటీ టవర్స్ పరిధిలోనో ఉండిపోయి, మనిషి గుంటూరు ఆఫీసు చుట్టూ తిరిగిన సందర్భాలు చూశాను. ఇక్కడ ఫోను నిజంగా ఉపయోగపడుతుంది. వార్డు ల్యాండ్‌లైనుకు చేసి, ఆఫీసరుగారు ఏ రోజు సీట్లో ఉంటారో కనుక్కుని వెళితే ఒక ప్రయాణం మిగులుతుంది. ఫోనులో కేసు మొత్తం చెప్పబోకండి. నాన్నగారిని అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లమనండి. అమ్మగారి సంతకం ఉండాలి, ఆవిడ వెళ్లలేకపోతే నాన్నగారిని అనుమతిస్తున్నట్టు ఒక ఉత్తరం జతచేయాలి. ఒక కాపీ తపాలు విభాగంలో ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకుండా వెనక్కి రావద్దని గట్టిగా చెప్పండి. మాస్టార్లు మొహమాటపడతారు.

నెల రోజులైనా కదలకపోతే పోర్టల్లోనే ‘గ్రీవెన్సెస్’లో ఫిర్యాదు వేయండి, ముద్ర పడిన కాపీ స్కాను జతచేయండి. దానికీ చలనం లేకపోతే కేంద్ర ప్రభుత్వపు ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్. నా అనుభవంలో రాతపూర్వక ఫిర్యాదు తర్వాత అవతలి నుంచే మనకు ఫోన్ వస్తుంది, అప్పుడు మాట తీరు కూడా వేరుగా ఉంటుంది.

ఇదంతా అమ్మగారి ఫారం 16 మీద ఆధారపడి ఉంది కాబట్టి, 2011-12 ఆర్థిక సంవత్సరం కాగితాలు ఇంట్లో ఉన్నాయేమో ముందు వెతికించండి. మన ఇళ్లలో అలాంటివి సాధారణంగా సర్వీసు ఆర్డర్లతో పాటు పాత బీరువా సొరుగులోనో, ట్రంకు పెట్టె అడుగునో ఉంటాయి. దొరక్కపోతే ఆవిడ చివరిగా పనిచేసిన ఆఫీసులో కాకుండా, ఆ ఏడాది జీతం బిల్లు పెట్టిన ఆఫీసులో అడగాలి. పన్ను కోత చూపించే జీతాల పట్టిక నకలు సంతకంతో ఇచ్చినా ఆఫీసరు ముందు పెట్టడానికి పనికొస్తుంది. ఆ ఏడాది ఆవిడ ఏ ఊళ్లో పనిచేశారో, ఆ బాకీని ఎక్కించింది ఎవరని పోర్టల్లో ఉందో రాయండి. అర్జీ నమూనా నేను పెడతాను.